హెచ్చరిక: టెంపరేచర్ మీటరు వైరు పీకించుకోకండి

ఎండలు ముదిరాక మెకానిక్ షెడ్లలో ఈ మాట తరచుగా వినిపిస్తుంది: "బండి బాగానే ఉంది సార్, మీటరే తప్పు చూపిస్తోంది." ఒక్కోసారి అది నిజమే. పరీక్షించకుండా అంటే మాత్రం ప్రమాదం. ఆ మాట తర్వాత జరిగేది ఇంకా పెద్ద ప్రమాదం. సెన్సర్ దగ్గర వైరు పీకేస్తారు, ముల్లు కిందికి పడిపోతుంది, మనం ఊపిరి పీల్చుకుని బండి ఇంటికి తెచ్చుకుంటాం. ఆ తర్వాత రేడియేటర్ పైపు పగిలినా, ఫ్యాన్ ఆగిపోయినా చెప్పేవాడు ఉండడు. అలాంటి కారులో పిల్లల్ని ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్ రోడ్డుకో, మే నెల మధ్యాహ్నం విజయవాడ హైవేకో బయల్దేరకండి.

ముల్లు తప్పుగా వేడి చూపించడానికి కారణం చాలాసార్లు చిన్నదే. కూలెంట్‌లో మునిగి ఉండే సెన్సర్‌కు వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గుతుంది. నిరోధం తగ్గితే ముల్లు పైకి లేస్తుంది. ఆ వైరు తొడుగు ఒరుసుకుపోయి ఇంజన్‌కో బాడీకో తగిలితే నిరోధం దాదాపు సున్నా అవుతుంది, ముల్లు ఎర్ర గీతకు అంటుకుపోతుంది. సెన్సరే లోపల షార్ట్ అయినా, వేరే మోడల్ సెన్సర్ బిగించినా తప్పు లెక్కే వస్తుంది.

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దున్నే కూర్చుని, స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌కు తిప్పండి. ముల్లు అట్టడుగున ఉండాలి. చల్లని ఇంజన్ మీదే అది వేడి వైపు ఎగబాకితే తప్పు సెన్సర్‌లోనో వైరులోనో మీటరులోనో ఉంది. రేడియేటర్ మార్చాలనీ హెడ్డు విప్పాలనీ ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. అదే ముల్లు పొద్దున కిందే ఉండి, ట్రాఫిక్‌లోనో ఎత్తు ఎక్కేటప్పుడో మెల్లగా పెరుగుతుంటే మాత్రం ఇంజన్ నిజంగానే వేడెక్కుతోందని నమ్మండి. కాదని రుజువయ్యేదాకా నమ్మి తీరాలి.

ఉన్నట్టుండి పైకి ఎగిరి మళ్ళీ దిగే ముల్లు దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. వదులైన కనెక్షన్ వల్ల అలా కావచ్చు. కూలెంట్ తగ్గిపోయి, సెన్సర్‌కు ఆవిరి బుడగలు తగులుతున్నా అలాగే అవుతుంది. అందుకే వైరు ముట్టుకునే ముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడాలి. కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సర్ ఖాళీలో ఉండిపోయి, లోపల ఇంజన్ మాడుతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. దిగింది కదా అని నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, అల్యూమినియం హెడ్డు వంగుతుంది.

తర్వాతి పని ఎలక్ట్రీషియన్‌ది. ఒకే వైరు ఉన్న పాత సెన్సర్లలో వైరు తీయగానే ముల్లు పడిపోతే, సెన్సర్‌నో నిజమైన వేడినో అనుమానించాలి. పడకపోతే తప్పు వైరులోనో మీటరులోనో ఉంది. వైరు తీయడం పరీక్షే కానీ రిపేరు కాదు. కంప్యూటర్ ఉన్న కార్లలో స్కానర్ పెట్టించండి. పొద్దున చల్లని ఇంజన్‌లో కూలెంట్ వేడి, లోపలికి పీల్చే గాలి వేడి దాదాపు ఒకటిగా ఉండాలి. బయట 30 డిగ్రీలుంటే స్కానర్ 120 చూపిస్తోందంటే సర్క్యూట్ తప్పు. పి0117 కోడ్ కూడా అదే చెబుతుంది. స్కానర్ అంకె సరిగ్గా ఉండి ముల్లు ఒక్కటే పైన ఉంటే మీటరు చూడాలి. పెట్రోల్ ముల్లు కూడా దానితోపాటే లేస్తుంటే డాష్‌బోర్డు ఎర్త్ వదులైందేమో, పాత బండి అయితే మీటర్లకు వోల్టేజీ నిలకడగా ఇచ్చే పరికరం పోయిందేమో చూడమనండి. లేజర్ థర్మామీటర్‌తో చూసేవాళ్ళకు ఒక జాగ్రత్త: మెరిసే అల్యూమినియం మీద అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి.

థర్మోస్టాట్ తీసి పారేయడం, ఫ్యాన్‌ను డైరెక్ట్ చేసేయడం కూడా వైరు పీకడం లాంటివే. ముల్లు దిగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. మెకానిక్ సోదరులు ఈ అలవాటు మానుకోవాలి. బండి యజమానులు కూడా "ఎలాగోలా ముల్లు దించు" అని అడగడం మానాలి.

దారిలో ముల్లు లేస్తే అది నిజమా అబద్ధమా అని తేల్చుకుంటూ నడపకండి. ఏసీ ఆపండి, ఎడమకు తీసి ఆపండి, పార్కింగ్ లైట్లు వేయండి, అందరినీ దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. జాతీయ రహదారి మీద అయితే 1033కు ఫోన్ చేయండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోయి ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి, గుండెల మీదికి చిమ్ముతుంది. గుడ్డ చుట్టి తిప్పినా కాలుతుంది. పైపు చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి, గంట పట్టినా సరే. కాలుతున్న ఇంజన్ మీద చన్నీళ్ళు పోయకండి, లోహం పగలొచ్చు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు ఇంకొకటి చూడాలి. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ముల్లే లేదు, వేడెక్కితే వెలిగే ఎర్ర లైటు ఒక్కటే ఉంది. చాలా మోడళ్ళలో తాళం ఆన్ చేయగానే అది కాసేపు వెలిగి ఆరిపోవాలి. మీరు చూస్తున్న మోడల్‌లో అలా వెలగాలో లేదో మాన్యువల్‌లో చూసుకోండి. వెలగాల్సింది వెలగకపోతే బేరం అక్కడే ఆపి, కారణం చూపించమని అడగండి.