రంగుల కన్నా ముందు వైరింగ్
వజ్రకరూరులో పాత మిద్దె బాగు చేయించేవాళ్లు ముందు టైల్స్, రంగుల గురించే మాట్లాడతారు. వైరింగ్ ఊసే ఎత్తరు. గోడలు చెక్కే రోజే పాత తీగలన్నీ పీకించేయండి. చెక్క బద్దీల మీద పరిచిన ఆ తీగలు నాలుగు బల్బులకు, రెండు ఫ్యాన్లకు వేసినవి. ఇప్పుడు వాటి మీదే ఫ్రిజ్, మిక్సీ, ఏసీ నడుస్తున్నాయి. చేత్తో వంచితే చాలు, పైతొడుగు పెళుసుగా విరిగి రాలి లోపలి తీగ బయటపడుతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుడితే, ఈసారి కాలేది ఫ్యూజు కాదు, గోడ మీది వైరు. తొలకరికి జనం చేలల్లో వజ్రాలు వెతికే రోజుల్లోనే మట్టి మిద్దె ఉరిసి గోడలు చెమ్మగిల్లుతాయి, స్విచ్చుబోర్డు ముట్టుకుంటే జిల్లుమంటుంది. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించండి. అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. మన అనంతపురం నేల ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయే ఉంటుంది. ఎండిన మట్టి కరెంటును సరిగా లోపలికి తీసుకోదు. గుంతలో బొగ్గు, ఉప్పు వేసి పూడ్చేస్తే సరిపోదు, వేసవిలో నీళ్లు పోస్తుండాలి. నీటికి కటకటలాడే చోట అది కష్టమే. అందుకే లీకేజీ 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే కరెంటు తెంచేసే ఆర్‌సీసీబీ ప్రతి ఇంటికీ ఉండి తీరాలంటాను. ఒక గది రంగుల ఖర్చు ఆపుకుంటే అది వచ్చేస్తుంది.