బండ మీద నిమ్మరసం

"జేజీ, ఈ బండలు యాడివి?"

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఇళ్లలో నేల మీద బోర్లా పడుకుని హోంవర్కు రాసే ఏ పిల్లకైనా రాదగిన సందేహమే ఇది. "ముందు రాసుకో" అంటే అక్కడితో సరి. "నాపరాయి గదమ్మా, యర్రగుంట్ల పక్క గనుల్లోది" అంటే ఇంకో ప్రశ్న పుడుతుంది. విరిగిన ముక్కను గీకి, ఆ పొడి మీద నిమ్మకాయ పిండితే సన్నని బుడగలు లేస్తాయి. ఇది సున్నపురాయని, కోట్ల ఏళ్ల కిందట ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్నదని, యర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ రాయి కోసమేనని చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు.

ఆ అయిదు నిమిషాలే ఇళ్లలో కరువవుతున్నాయి. పగలు బడి, సాయంత్రం ట్యూషన్. ఇంటికొచ్చాక "ఎన్ని మార్కులు?" అన్న ఒక్క మాట. ఫీజు కడితే పాఠాలు వస్తాయి. తెలుసుకోవాలన్న ఆశ మాత్రం ఇంట్లో పెద్దలను చూసి అలవడాలి.

కవి పుట్టపర్తి నారాయణాచార్యుల (1914-1990) బాల్యమే ఇందుకు సాక్ష్యం. తండ్రి శ్రీనివాసాచార్యులు పండితులు. పెనుకొండలో సబ్ కలెక్టరు భార్య పిట్ దొరసాని ఆ పిల్లవాడికి ఇంగ్లీషు సాహిత్యం నేర్పింది. ఊళ్లోని శిథిలాలు చూసి చిన్న వయసులోనే ఆయన రాసిన 'పెనుగొండ లక్ష్మి', తర్వాత ఆయనే కూర్చున్న విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథమైంది. ప్రొద్దుటూరులో పంతులుగా స్థిరపడ్డాక కూడా నేర్చుకోవడం మానలేదు. పద్నాలుగు భాషలు తెలిసిన మనిషిగా పేరుపొందారు. భార్య కనకమ్మ కవయిత్రి, కూతురు నాగపద్మిని రచయిత్రి.

ఆ ఆశ ఉంటే కాలేజీ చదువు ఆగినా నేర్చుకోవడం ఆగదు. పులివెందుల ప్రాంతంలోని పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డికి గిండీ ఇంజనీరింగ్ చదువు మధ్యలోనే ఆగిపోయింది. అయినా సొంతంగా చదువుకుని రా.రా.గా తెలుగు విమర్శలో నిలబడ్డారు. 'సంవేదన' పత్రిక నడిపారు, మాస్కోలో అనువాదకుడిగా పనిచేశారు.

అందరివీ పండితుల ఇళ్లు కావు, నిజమే. కానీ ప్రొద్దుటూరు బంగారు అంగట్లో పనిచేసే తండ్రి, నగ మీది 916 ముద్ర చూపించి, వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారమని చెప్తే బిడ్డకు లెక్క కళ్లకు కడుతుంది. పులివెందుల రైతు చీనీతోటలో డ్రిప్పు పైపు పట్టించి, చెట్టుకు గంటకెన్ని లీటర్లు పడుతుందో బిడ్డ చేతనే కొలిపించవచ్చు. తెలియనిది అడిగితే కసురుకోకుండా "నాకూ తెలీదు, ఇద్దరం కనుక్కుందాం పా" అనడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు.

సెలవు రోజున గండికోటకు వెళ్లినవాళ్లు ఫొటోలతో సరిపెట్టుకోకుండా, అక్కడి లోయలో పెన్నా అంత లోతున రాతిని ఎట్లా కోసిందో పిల్లలతో మాట్లాడాలి. తెలుగులో తొలి శాసనంగా చెప్పే ఆరో శతాబ్దపు రేనాటి చోళుల శాసనం దొరికిన కలమళ్ల కూడా దగ్గర్లోనే ఉంది. తిరిగొచ్చాక మిగిలిపోయిన ప్రశ్నలకు ఊళ్లోని శాఖా గ్రంథాలయం ఉంది. అక్కడ పిల్లల పేరున సభ్యత్వం కట్టే తల్లిదండ్రులు, తమ పేరున కూడా ఒకటి కట్టి, ఇంటికి రెండు పుస్తకాలు తెచ్చుకోవాలి.