ట్యాబ్ మనది.. తాళంచెవి ఎవరిది?

2025 జులైలో గుజరాత్‌లోని వాడినార్ చమురుశుద్ధి కర్మాగారాన్ని నడిపే నయారా ఎనర్జీ సంస్థకు ఉన్నట్టుండి ఈమెయిల్ సేవలు నిలిచిపోయాయి. సాంకేతిక లోపం ఏమీ లేదు. ఆ సంస్థలో రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కు వాటా ఉంది కాబట్టి ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించింది. ఆ వెంటనే మైక్రోసాఫ్ట్ తన సేవలను ఆపేసింది. నయారా దిల్లీ హైకోర్టు తలుపు తట్టాక సేవలు తిరిగి వచ్చాయి. కర్మాగారం మన గడ్డ మీద ఉంది. లైసెన్సులకు డబ్బు చెల్లించారు. ఆ ఏకపక్ష ఆంక్షలను మన ప్రభుత్వం అంగీకరించనూ లేదు. అయినా స్విచ్ మాత్రం మరో ఖండంలో ఉంది.

రిఫైనరీ కాబట్టి కోర్టుకు వెళ్లే వ్యవధి దొరికింది. అదే పరిస్థితి సరిహద్దులో ఒక ఫిరంగి దళం చేతిలోని ట్యాబ్‌కు, యుద్ధం మధ్యలో ఎదురైతే? అక్కడ అప్పీలుకు న్యాయస్థానం ఉండదు. అందుకే ట్యాబ్‌లలో ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడపడమన్నది కంప్యూటర్ల మీద సరదా ఉన్నవాళ్ల ముచ్చట అని నేను అనుకోవడం లేదు. అది దేశరక్షణకు సంబంధించిన విషయం.

కాగితం నుంచి తెర మీదికి

నేను ఆర్టిలరీ అధికారిని. దేవలాలీలో మా తరానికి నేర్పింది 1:50,000 స్కేలు మ్యాపు షీట్లు, ఫైరింగ్ టేబుళ్లు, పెన్సిలు. దూరం, ఎత్తులో తేడా, గాలి వేగం, మందుగుండు ఉష్ణోగ్రత.. అన్నీ చేత్తో లెక్కగట్టి గన్‌కు కోణం చెప్పేవాళ్లం. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తోంది. భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ‘శక్తి’ ఆర్టిలరీ నియంత్రణ వ్యవస్థలో చేతిలో ఇమిడే కంప్యూటర్లూ భాగమే. అమెరికా వైమానికదళ పరిశోధనశాల 2010లో మొదలుపెట్టిన ‘అటాక్’ అనే యాప్ ఆండ్రాయిడ్ ఫోన్లు, ట్యాబ్‌ల మీదే నడుస్తుంది. మన దళం ఎక్కడుంది, శత్రువు ఎక్కడున్నాడు అన్నది ఒకే పటంపై చూపిస్తుంది. దాని పౌర వెర్షన్ సోర్స్ కోడ్‌ను 2020లో బహిరంగంగా విడుదల చేశారు.

ఈ మార్పు మంచిదే. కాకపోతే పాత మ్యాపుకు ఒక సుగుణం ఉండేది. శత్రువు చేతికి చిక్కితే చిక్కేదేమోగానీ, తనంతట తాను మన జాడ ఎవరికీ చెప్పేది కాదు. ట్యాబ్ చెప్పగలదు.

ఉక్రెయిన్ అనుభవం కళ్లముందే ఉంది. అక్కడి ఆర్టిలరీ అధికారి ఒకరు డీ-30 హోవిట్జర్ లెక్కల కోసం ఆండ్రాయిడ్ యాప్ రాశారు. నిమిషాలు పట్టే లెక్క సెకన్లలో తేలిపోయేది. 2016 డిసెంబరులో అమెరికా సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ ఒక నివేదిక ఇచ్చింది. రష్యా సైనిక నిఘా విభాగంతో సంబంధమున్న బృందం ఆ యాప్ నకలులో గూఢచారి కోడ్ చొప్పించి వదిలిందన్నది దాని సారాంశం. దానివల్ల ఎన్ని హోవిట్జర్లు నష్టపోయారన్న అంకెపై వివాదం రేగి, ఆ సంస్థ తర్వాత సవరించుకుంది. అంకె సంగతి ఎలా ఉన్నా, ఫిరంగి దగ్గర నిలబడ్డవాడి చేతిలోని పరికరం శత్రువుకు లక్ష్యం అవుతుందన్నది మాత్రం తిరుగులేని పాఠం.

పదేళ్లుగా విధానం ఉంది

ఓపెన్ సోర్స్ అంటే ఉచిత సాఫ్ట్‌వేర్ అని చాలామంది అనుకుంటారు. రక్షణ రంగానికి ధర ముఖ్యం కాదు. కోడ్‌ను చదవగలగడం, మార్చగలగడం, ఎవరి అనుమతీ లేకుండా తిరిగి నిర్మించుకోగలగడం ముఖ్యం. మన దేశం ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది. సీడాక్ ‘బాస్’ పేరుతో లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను 2007లోనే విడుదల చేసింది. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లో విధానం ప్రకటించింది. రక్షణ మంత్రిత్వశాఖలో ఇంటర్నెట్‌తో కలిసే కంప్యూటర్లలో విండోస్ స్థానంలో ఉబుంటు ఆధారిత ‘మాయా’ను తెస్తున్నట్టు 2023 ఆగస్టులో వార్తలు వచ్చాయి. అదే ఏడాది జనవరిలో ఐఐటీ మద్రాస్ ప్రాంగణంలో పుట్టిన ‘భరోస్’ను కేంద్రమంత్రులు పరీక్షించి చూశారు. అదీ ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ పునాదిపై కట్టిందే.

అంటే సాఫ్ట్‌వేర్ లేదన్న కొరత కాదు మనది. దాన్ని ఎక్కించే పరికరం దగ్గర చిక్కు వస్తోంది. బల్ల మీద కంప్యూటర్‌కూ చేతిలోని ట్యాబ్‌కూ ఈ విషయంలో నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది.

రెండు ట్యాబ్‌ల కథ

రిటైరయ్యాక తీరిక దొరికింది. ఇంట్లో పనికిరాకుండా పడి ఉన్న రెండు ట్యాబ్‌లను ముందేసుకున్నాను. ఒకటి ఇంటెల్ చిప్‌తో విండోస్ నడిచేది. రెండోది మామూలు ఆండ్రాయిడ్ ట్యాబ్. దానికి కంపెనీ భద్రతా అప్‌డేట్లు ఆపేసి చాలాకాలమైంది. తెర, బ్యాటరీ, చిప్ అన్నీ బాగానే ఉన్నాయి.

మొదటి దానిలో పెన్‌డ్రైవ్ పెట్టి ఒక్క సాయంత్రంలో లినక్స్ ఎక్కించాను. స్పర్శ తెర, వైఫై, తెలుగు కీబోర్డు పనిచేశాయి. కెమెరా పనిచేయలేదు. ట్యాబ్‌ను తిప్పితే తెర తిరగడానికి మరికొంత తంటా పడాల్సి వచ్చింది. రెండోది అసలు తలుపే తీయలేదు. అందులో బూట్‌లోడర్‌కు తాళం వేసి ఉంది. పరికరం ఆన్ కాగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రామ్ అది. కంపెనీ సంతకం లేని ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌నూ అది లోపలికి రానివ్వదు. ఆ తాళం తీసే వెసులుబాటు ఆ మోడల్‌కు ఇవ్వలేదు. డబ్బు పెట్టి కొన్నది నేను. అందులో ఏది నడవాలో నిర్ణయించేది అమ్మినవాళ్లు.

తాళం తీసినా కథ సుఖాంతం కాదు. పీసీ వర్గం యంత్రాల్లో లోపల ఏ భాగాలున్నాయో ఆపరేటింగ్ సిస్టమ్ తనే వాకబు చేసుకునే ఏర్పాటు ఉంటుంది. ఆర్మ్ చిప్‌లతో నడిచే చాలా ట్యాబ్‌లలో అది లేదు. ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో చెప్పే వివరపట్టికను ప్రతి మోడల్‌కూ విడిగా రాయాలి. గ్రాఫిక్స్, కెమెరా, మోడెమ్‌లను నడిపే డ్రైవర్లలో, ఫర్మ్‌వేర్‌లో చాలాభాగం మూసిన పెట్టెల్లాగే వస్తుంది. లోపల ఏముందో కంపెనీకే తెలుసు. అందుకే ‘పోస్ట్‌మార్కెట్ఓఎస్’, ‘ఉబుంటు టచ్’ లాంటి ప్రాజెక్టుల్లో స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి కష్టపడ్డా, అన్ని భాగాలూ చక్కగా పనిచేసే మోడళ్లు కొన్నే ఉన్నాయి.

నా ట్యాబ్ పనికిరాకుండా పోతే దేశానికి నష్టం లేదు. అదే సమస్య వేల సంఖ్యలో వస్తే సంగతి వేరు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు దాదాపు 5 లక్షల ట్యాబ్‌లు పంచింది. అప్‌డేట్లు ఆగిపోయిన రోజున అలాంటి పరికరాలన్నిటికీ ఒకేసారి కాలం చెల్లుతుంది. 2017 మేలో వానాక్రై దాడి ప్రపంచాన్ని కుదిపేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. మద్దతు నిలిచిపోయిన విండోస్ ఎక్స్‌పీకి దాడి మొదలయ్యాకగానీ ప్యాచ్ రాలేదు. అప్‌డేట్ ఎప్పుడు ఇవ్వాలన్నది ఇతరుల దయాదాక్షిణ్యాల మీద ఉంటే జరిగేది ఇదే.

తాళం ఉండాలి, చెవి మన దగ్గరుండాలి

అలాగని ట్యాబ్‌లకు తాళాలే వద్దనడం సైనికుడు చేయాల్సిన వాదన కాదు. తాళం లేని ట్యాబ్ గస్తీలో పోయి శత్రువుకు దొరికితే అరగంటలో తనకు కావలసిన సిస్టమ్ ఎక్కించి తిరిగి మన దళంలోకే చేరేలా చూడగలడు. సంతకం సరిచూశాకే సిస్టమ్‌ను నడవనివ్వడం మంచి రక్షణ. ఆ సంతకం ఎవరిదన్నదే అసలు ప్రశ్న. కొన్ని ఫోన్లలో పాత సిస్టమ్ తీసేసి, మన సిస్టమ్ పెట్టి, మన సంతకంతోనే మళ్లీ తాళం వేసుకునే వీలుంది. భద్రతకు పేరుపడ్డ ‘గ్రాఫీన్ఓఎస్’ గూగుల్ పిక్సెల్ పరికరాలను ఎంచుకోవడానికి ఒక ప్రధాన కారణం అదే. మన సైన్యం కొనే ట్యాబ్‌కూ ఇదే లక్షణం ఉండాలి.

ఓపెన్ సోర్స్ సర్వరోగనివారిణి కాదని కూడా చెప్పుకోవాలి. 2019 మేలో అమెరికా ఆంక్షల తర్వాత హువావేకు ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడ్ మిగిలింది. గూగుల్ సేవలు మాత్రం పోయాయి. 2024 అక్టోబరులో ఆంక్షల కారణంగానే కొందరు రష్యన్ ప్రోగ్రామర్ల పేర్లను లినక్స్ కెర్నల్ నిర్వాహకుల జాబితా నుంచి తొలగించారు. అయితే ఈ రెండు ఘటనల్లోనూ కోడ్‌ను ఎవరూ వెనక్కి లాక్కోలేకపోయారు. నయారా ఉదంతానికీ వీటికీ ఉన్న తేడా అక్కడే ఉంది.

అందరికీ కనిపించే కోడ్‌లోనూ శత్రువు దూరగలడు. లినక్స్‌లో విరివిగా వాడే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న ప్రోగ్రామ్‌లో దొంగదారి పెట్టిన సంగతి 2024 మార్చిలో బయటపడింది. లాగిన్ కావడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయడంతో గుట్టు రట్టయింది. తెరిచి చూసే వీలుంది కాబట్టి పట్టుకోగలిగారు. అయితే చూసేవాడంటూ ఒకడు ఉండాలి. అలాంటి వాళ్లు మన జీతాల పట్టీలో ఎందరున్నారన్నదే నా ప్రశ్న.

సైన్యంలోకి వచ్చిన పరికరం పదిహేను ఇరవై ఏళ్లు సేవ చేస్తుంది. లినక్స్ కెర్నల్ నిర్వాహకులు దీర్ఘకాల మద్దతును ఆరేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించనున్నట్టు 2023లో చెప్పారు. ఆ ఖాళీని పూడ్చాల్సింది మన ఇంజినీర్లే. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ ఏళ్లపాటు శ్రమించి లినక్స్‌కు మారి, 2017లో తిరిగి విండోస్ బాట పట్టింది. ఫ్రాన్స్ జాండార్మరీ మాత్రం సొంత ఉబుంటు వెర్షన్‌ను దశాబ్దానికి పైగా వేల కంప్యూటర్లలో నడుపుతోంది. రెండు చోట్లా పునాది సాఫ్ట్‌వేర్ ఒకటే. పాలకులు మారినా నిర్ణయం నిలబడిందా లేదా అన్నదే తేడా.

టెండర్‌లోనే తేల్చుకోవాలి

కొన్నాక బతిమాలడం కంటే కొనేముందు షరతు పెట్టడం మేలు. రక్షణ, కేంద్ర సాయుధ బలగాలు, పోలీసు శాఖలు కొనే ప్రతి ట్యాబ్ టెండర్‌లో నాలుగు నిబంధనలు ఉండాలని నా అభిప్రాయం.

ఒకటి, బూట్‌లోడర్ తాళంచెవి కొనుగోలుదారు చేతికి రావాలి. రెండు, కెర్నల్ సోర్స్ కోడ్ మొత్తం పరికరంతో పాటే అందాలి. లినక్స్ కెర్నల్ లైసెన్సు ప్రకారం ఇది అమ్మకందారు దయ కాదు, కొన్నవాడి హక్కు. మూసిన డ్రైవర్ల కోడ్‌ను కనీసం ప్రభుత్వ ప్రయోగశాలలో తనిఖీకి ఇవ్వాలి. మూడు, భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో ఒప్పందంలో రాయాలి. ఆ గడువు తీరాక మనమే నిర్వహించుకునేందుకు కావలసిన పత్రాలన్నీ అప్పగించాలి. నాలుగు, ఆ పని చేయడానికి త్రివిధ దళాలకు కలిపి ఒక శాశ్వత ఇంజినీర్ల బృందం ఉండాలి. రెండేళ్లకోసారి బదిలీ అయ్యే అధికారులతో అది సాగదు.

కంపెనీలు ఒప్పుకోవనే అభ్యంతరం వస్తుంది. ఒక్క ట్యాబ్ కొనే నాలాంటి పెన్షనరు మాట వినకపోవచ్చు. ఏటా వేల సంఖ్యలో కొనే ప్రభుత్వం మాట తోసిపుచ్చడం ఏ వ్యాపారికైనా కష్టమే. ఖర్చు పెరుగుతుందన్న వాదనలో నిజముంది. అయితే బాగున్న పరికరాన్ని అప్‌డేట్ లేదని ఐదేళ్లకే పక్కనపడేసే ఖర్చును కూడా లెక్కలో వేయాలి. ఇక చిప్ మనది కానప్పుడు ఎంత చేసినా ఏం లాభం అంటారు. ఐఐటీ మద్రాస్ ‘శక్తి’, సీడాక్ ‘వేగ’ ప్రాసెసర్లు ఇంకా ట్యాబ్‌ల స్థాయికి రాలేదన్నది వాస్తవం. గోడ కట్టడం పూర్తయ్యేదాకా తలుపు బార్లా తీసి ఉంచుతామా?

మనుషులకు కొదవ లేదు. లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన ‘స్వేచ్ఛ’ లాంటి స్వచ్ఛంద సంస్థ హైదరాబాద్‌లోనే పుట్టింది. ప్రపంచ కంపెనీల ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పనిచేస్తున్న మన ఇంజినీర్లు దేశంలోనూ బయటా ఎందరో ఉన్నారు. వాళ్లకు ఒక గది, ఒక లక్ష్యం, పదేళ్లు తగ్గని బడ్జెట్ ఇవ్వాలి.

అశ్వత్థామకు బ్రహ్మాస్త్రం వేయడం తెలుసు, ఉపసంహరించడం చేతకాలేదు. మన పరిస్థితి అంతకంటే విచిత్రంగా ఉంది. అస్త్రం మన చేతిలో ఉంటుంది, మంత్రం మాత్రం అమ్మినవాడి దగ్గర ఉంటుంది. ఇకపై జవాను చేతికి ఇచ్చే ప్రతి ట్యాబ్ విషయంలో రక్షణశాఖ ముందుగా అడగాల్సింది తెర ఎంత పెద్దది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అని కాదు. దీని తాళంచెవి ఎవరి దగ్గరుంది అని అడగాలి. జవాబు ‘మన దగ్గర’ అని రాకపోతే సంతకం పెట్టకూడదు.

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి)