అప్పు ఎవరిదైనా, పనుల జాబితా మనదే కావాలి

2024 డిసెంబరు 12న ఆసియా అభివృద్ధి బ్యాంకు అమరావతి నిర్మాణానికి 78.88 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. వారం తిరిగేసరికి ప్రపంచ బ్యాంకు మరో 80 కోట్ల డాలర్లకు ఆమోదం తెలిపింది. అంతకు అయిదేళ్లకు పైగా ముందు, 2019 జులైలో, ఇదే ప్రపంచ బ్యాంకు ఇదే రాజధానికి ఇవ్వజూపిన 30 కోట్ల డాలర్ల ప్రతిపాదన అటకెక్కింది. రుణం కోసం పెట్టిన అభ్యర్థనను కేంద్రమే వెనక్కి తీసుకుంది. ఆ వెంటనే బీజింగ్ కేంద్రంగా పనిచేసే ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు (ఏఐఐబీ) కూడా తన 20 కోట్ల డాలర్ల ఆలోచన మానుకుంది. ఈ అయిదేళ్లలో కృష్ణ ఒడ్డున నేల మారలేదు, వరద ముప్పు లెక్కలూ పెద్దగా మారలేదు. మారిందల్లా రాష్ట్రంలో అధికారం, దానితోపాటు ఢిల్లీ లెక్క. 2024లో కేంద్ర ప్రభుత్వం నిలబడాలంటే ఆంధ్ర ఎంపీల మద్దతు కావలసివచ్చింది. జులై బడ్జెట్‌లో 15 వేల కోట్ల రూపాయలు అంతర్జాతీయ సంస్థల ద్వారా ఇప్పిస్తామన్న హామీ వచ్చింది. రుణం రావడం, పోవడం ఇంజినీర్ల నివేదికల కన్నా రాజకీయ వాతావరణాన్ని బట్టి జరుగుతుందనడానికి ఇంతకన్నా దాఖలా అక్కర్లేదు.

విదేశీ మౌలిక వసతుల రుణంలో దౌత్యం ఉంటుందని ఆశ్చర్యపోవడం అమాయకత్వం. ప్రపంచ బ్యాంకుకు మొదటినుంచీ అమెరికా పౌరుడే అధ్యక్షుడు, ఆసియా అభివృద్ధి బ్యాంకుకు జపాన్ పౌరుడు, ఏఐఐబీకి చైనా పౌరుడు. భిలాయ్ ఉక్కును సోవియట్ యూనియన్, రూర్కెలాను పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌ను బ్రిటన్ పోటీపడి కట్టించాయి. బొకారోకు అమెరికా చెయ్యివ్వగానే మాస్కో ముందుకొచ్చింది. శ్రీలంక హంబన్‌తోట రేవును 2017లో 99 ఏళ్ల లీజుకు చైనా సంస్థకు అప్పగించింది. మనమూ ఈ ఆటకు కొత్తకాదు: అఫ్గానిస్తాన్‌లో సల్మా ఆనకట్ట, ఇరాన్‌లో చాబహార్ రేవు మన విదేశాంగ విధానంలో భాగాలే. కాబట్టి రుణదాతకు స్వార్థం ఉందన్నది మా ఫిర్యాదు కాదు. ఆ స్వార్థానికి ఎదురుగా మన అవసరాన్ని బల్లమీద పెట్టే ఏర్పాటు మన దగ్గర లేకపోవడమే మా అభ్యంతరం.

ఒకప్పుడు అలాంటి ఏర్పాటు ఉండేది, దాని ఫలితం పల్నాడు కళ్లముందే ఉంది. నందికొండ దగ్గర ఆనకట్ట, అంటే ఇప్పటి నాగార్జునసాగర్, కావాలన్న పట్టుదల ఏ విదేశీ రాజధానిలోనూ పుట్టలేదు. ముక్త్యాల రాజా వంటివారు ఏళ్ల తరబడి వెంటపడి, 1952లో ఖోస్లా కమిటీకి ఆ చోటు చూపించి ఒప్పించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ దశకంలో దేశానికి విదేశీ మారకం కరువు. అందుకే కాంక్రీటుకు, భారీ యంత్రాలకు బదులు రాతికట్టడాన్ని ఎంచుకుని, వేలాది కూలీల చేత ఆ ఆనకట్టను లేపారు. 1965-66 కరువులో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ గోధుమల ఓడలను నెలనెలా కొలిచి పంపుతూ మన విదేశాంగ వైఖరిని అదుపులో పెట్టాలని చూశాడు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే మాచర్ల నుంచి నరసరావుపేట దాకా తడిసిన నేల విలువ వరి బస్తాల్లో మాత్రమే కొలవదగింది కాదని అర్థమవుతుంది. తర్వాత కాలువలకు విదేశీ డబ్బు రాకపోలేదు. 1976లో ప్రపంచ బ్యాంకు 14.5 కోట్ల డాలర్లు, 2010లో ఆధునికీకరణకు 45.06 కోట్ల డాలర్లు ఇచ్చింది. అప్పటికే పని మనది, కాలువ మనది. రుణం దాని వెనక నడిచింది.

వరుస తిరగబడినప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. తొంభైల చివర రాష్ట్రం ప్రపంచ బ్యాంకు సంస్కరణలకు నమూనాగా మారింది. 1996లో నీటి తీరువా మూడింతలైంది, 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం, మరుసటేడు దానికి 21 కోట్ల డాలర్ల రుణం. వీటిలో అన్నీ చెడ్డవని మేమనం. నీటి సంఘాలు చివరి భూముల రైతుకు ఒక ఓటైనా ఇచ్చాయి. కానీ ఆ షరతులు ఏమిటో, ఎందుకో ఊళ్లలో ఎవరూ విప్పి చెప్పలేదు. కరెంటు ఛార్జీల మోత 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది.

సింగపూర్ ఉదంతం ఇంకా తాజాది. అసెండాస్-సింగ్‌బ్రిడ్జ్, సెంబ్‌కార్ప్ కూటమికి అమరావతిలోని 1,691 ఎకరాల స్టార్టప్ ప్రాంతంలో 58 శాతం వాటా ఇచ్చి, మన సంస్థ 42 శాతంతో సరిపెట్టుకుంది. ఆర్థిక ప్రతిపాదనలు గోప్యంగా ఉంచారన్న అభ్యంతరంపై 2016 సెప్టెంబరులో హైకోర్టు ఆ ప్రక్రియను నిలిపేసింది. ప్రభుత్వం లెక్కలు విప్పే బదులు చట్టాన్ని సవరించుకుంది. 2017 మేలో శంకుస్థాపన, 2019 నవంబరులో రద్దు. దీన్ని తర్వాతి ప్రభుత్వపు కక్షగా మాత్రమే చూసేవారున్నారు. కక్ష ఉండవచ్చు. అయితే శాసనసభ అంతా చదివి, వాదించి, ఓటేసిన ఒప్పందమై ఉంటే దాన్ని ఒక్క సంతకంతో తీసేయడం అంత తేలికయ్యేది కాదు. రహస్యం ఒప్పందాన్ని కాపాడుతుందన్న నమ్మకం అక్కడే బద్దలైంది.

ఇలా బహిరంగంగా చర్చిస్తే పెట్టుబడిదారులు పారిపోతారని అధికారులు అంటారు. ప్రపంచ బ్యాంకు తన పత్రాలను తానే వెబ్‌సైట్‌లో పెడుతోంది, ఇంగ్లిషులో. వాషింగ్టన్‌లో చదవగలిగినది పల్నాడులోని వైకుంఠపురం రైతు చదవకూడదనడానికి కారణం లేదు. విదేశీ వ్యవహారాలు కేంద్రం పరిధి, శాసనసభకు ఏం పని అన్నది మరో వాదన. సంతకం కేంద్రానిదే, నిజమే. కానీ భూమి రాష్ట్రానిది, ప్రాజెక్టుకు జతచేయాల్సిన వాటా రాష్ట్ర ఖజానాది, రూపాయి పడిపోతే పెరిగే భారమూ చాలా రుణాల్లో రాష్ట్రానిదే. ఈ విషయంలో ఢిల్లీకి ఉదారత అంటగట్టనక్కర్లేదు. ప్రత్యేక హోదా అడిగితే 2017 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఇచ్చింది విదేశీ సాయంతో నడిచే ప్రాజెక్టుల అప్పులు తీరుస్తామన్న మాట. హక్కుగా రావాల్సింది కాస్తా, ఏ ప్రాజెక్టుకు ఏ దేశం మొగ్గు చూపుతుందన్న దానికి ముడిపడిపోయింది. ఇక పేద రాష్ట్రం ఇచ్చినది పుచ్చుకోవాలి గాని ఏరుకుంటుందా అనే మాట ఉంది. 1955 నాటి ఆంధ్ర ఇప్పటికన్నా ఎన్నోరెట్లు పేదది. అయినా ఏరుకుంది.

ఏరుకోకపోతే ఎవరు మిగిలిపోతారో పల్నాడులోని వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్ట గ్రామాలు చెబుతాయి. సాగర్ జలాశయం పక్కనే ఉన్నా తాగునీటికీ ఇబ్బంది పడే ఆ ఊళ్ల కోసం వరికపూడిశెల ఎత్తిపోతల మాట దశాబ్దాలుగా నలుగుతోంది. 2023 నవంబరులో మాచర్లలో మళ్లీ ఒక శంకుస్థాపన జరిగింది. మొదటి దశ అంచనా దాదాపు 340 కోట్ల రూపాయలు, అంటే అమరావతికి వచ్చిన ఆ రెండు రుణాల్లో సుమారు నలభయ్యో వంతు. అటవీ అనుమతుల చిక్కు ఏళ్ల తరబడి వెంటాడిన మాట వాస్తవమే. కానీ అనుమతులు వచ్చినా దానికి ఏ దేశపు మంత్రీ రిబ్బన్ కత్తిరించడానికి రాడు. రాజధాని, రేవు, ఎక్స్‌ప్రెస్‌వే విదేశీ జెండాకు అందమైన నేపథ్యం అవుతాయి, ఎత్తిపోతల పంపుహౌస్ కాదు.

అందుకే రాష్ట్ర ప్రభుత్వం చేయవలసింది స్పష్టం. ఏ విదేశీ సంస్థతోనూ మాట్లాడకముందే, జిల్లాలవారీగా పనుల ప్రాధాన్య జాబితాను శాసనసభలో పెట్టి ఆమోదం తీసుకోవాలి. ఆ జాబితాలో లేని పనికి రుణం తెస్తే ఎందుకో సభకు చెప్పాలి. ప్రతి ఒప్పందం షరతులనూ సంతకానికి ముందే తెలుగులో ప్రచురించాలి, రాష్ట్ర వాటాను అదే బడ్జెట్‌లో విడిగా కేటాయించాలి. అమరావతి రెండో విడత భూసమీకరణ ఇప్పుడు పల్నాడు జిల్లాలోని వైకుంఠపురం, పెదమద్దూరు, ఎండ్రాయి, కర్లపూడి దాకా వచ్చింది. మొదలు అక్కడినుంచే పెట్టవచ్చు: ఆ నాలుగు ఊళ్ల సచివాలయాల్లో రెండు బ్యాంకుల రుణ పత్రాలూ, పునరావాస షరతులతో సహా, తెలుగులో ఉంచి గ్రామసభల్లో చదివి వినిపించాలి. ఆ తర్వాతే భూమి అడగాలి.