వస్తువు కొన్నారు సరే, పేరు ఏదీ?

అమెరికా జానపద కళావస్తువుల సేకరణకూ మన కాలేజీ సంచికకూ ఏం సంబంధమని మిత్రులు అడగవచ్చు. బొంత, కొయ్యబాతు, మాంసం నిలవచేసే జాడీ - ఇవి పనీపాటా చేసుకునే జనం తమ అవసరానికి చేసుకున్నవి. రైతు ఇంట్లో పుట్టాను కనుక వాటి గురించి మాట్లాడే చనువు నాకూ కాస్త ఉందనుకుంటాను.

ముందు సేకరించినవాళ్ళకు ఇవ్వవలసిన గౌరవం ఇద్దాం. ఎలక్ట్రా హావెమేయర్ వెబ్ అనే సంపన్నురాలి తల్లిదండ్రులు ఐరోపా చిత్రకారుల పటాలు కొన్నవాళ్ళు. ఆమె మాత్రం పడుచు వయసులోనే చుట్టల దుకాణం ముందు నిలబెట్టే కొయ్యబొమ్మను కొన్నది. అలా పోగుచేసినవాటితో 1947లో వెర్మాంట్ రాష్ట్రంలో షెల్‌బర్న్ మ్యూజియం స్థాపించింది. వేటగాళ్ళు పక్షులను మభ్యపెట్టడానికి నీటిమీద వదిలే కొయ్యబాతుల సంగతీ అంతే. మన వేటగాళ్ళ మాటలో చెప్పాలంటే అవి దీమాలు. 1918 చట్టంతో వలసపక్షులను అమ్మకానికి వేటాడడం ఆగిపోయింది, వాటికి పని తగ్గింది. జోయెల్ బార్బర్ అనే ఆర్కిటెక్టు వాటిని ఏరి దాచి, 1934లో పుస్తకమే రాశాడు. ఎల్మర్ క్రోవెల్ చెక్కిన రెండు కొయ్యపక్షులు 2007లో ఒక్కొక్కటి 11 లక్షల 30 వేల డాలర్లకు అమ్ముడుపోయాయి.

కనుక సేకరణ వద్దనే వాదన నాది కాదు. నా తగవు వేరు. 1932లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియంలో ఈ వస్తువులను 'సామాన్య మానవుని కళ' అన్న పేరుతో ప్రదర్శించారు. వాటిలో చాలావాటికి చేసినవారి పేరు తెలియదు. చేతులు మారేటప్పుడు వస్తువును జాగ్రత్తగా మార్చుకున్నారు, పేరును దారిలోనే వదిలేశారు.

పేరు నిలిస్తే ఏమవుతుందో చూడండి. హారియెట్ పవర్స్ 1837లో జార్జియాలో బానిసగా పుట్టిన స్త్రీ. తర్వాత భర్తతో కలిసి సేద్యం చేసుకుంది. ఆమె బైబిలు కథలు కుట్టిన బొంతను 1886లో ఏథెన్సు పట్టణపు పత్తి ప్రదర్శనలో జెన్నీ స్మిత్ అనే డ్రాయింగు టీచరు చూసి అడిగితే, ఎంతిచ్చినా అమ్మనన్నది. కొన్నేళ్ళకు కష్టకాలం వచ్చింది. బొంతను పిండిసంచిలో చుట్టి, ఎడ్లబండి మీద తనే తెచ్చింది. 10 డాలర్లు అడిగితే దక్కింది 5. పంట చేతికి రాని ఏడు బేరం ఎలా సాగుతుందో మా ఇళ్ళలో ఒకరు చెప్పనక్కరలేదు. అమ్మిన తర్వాత కూడా ఆమె వెళ్ళి ఆ బొంతను చూసుకుని వచ్చేదట.

ఆ 5 డాలర్ల బేరాన్ని నేను మెచ్చుకోలేను. కానీ ఆ టీచరు ఒక మంచి పని చేసింది. 11 గళ్ళలో ఏ గడిలో ఏమున్నదో హారియెట్‌నే అడిగి రాసుకుంది. పవర్స్ కుట్టిన మరో బొంత బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది. దానికీ గడిగడికీ వివరణ మిగిలింది. అందులో ఒక గడి 1833 నవంబరు 13 రాత్రి కురిసిన నక్షత్రాల వాన. అంటే లియోనిడ్ ఉల్కాపాతం! తను పుట్టకముందు జరిగినదాన్ని పెద్దల నోట విని గుడ్డలో కుట్టింది. ఆ వివరణ లేకపోతే అవి మనకు వట్టి చుక్కలే కదా?

దక్షిణ కరోలినాలో డేవిడ్ డ్రేక్ అనే బానిస కుమ్మరి ఉండేవాడు. బానిసలకు చదువు నేర్పడం నేరమని 1834లో ఆ రాష్ట్రం చట్టం చేసినా, అతను జాడీల మీద 'డేవ్' అని సంతకం చేసి, తేదీ వేసి, పద్యపాదాలు కూడా గీశాడు. అతని జాడీ ఒకటి 2021 వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. ఒకరూ అడగకపోయినా తన పేరు తనే రాసుకున్న ధైర్యశాలి!

బోటనీ లాబులో మొక్కను హెర్బేరియం షీటు మీద ఎంత అందంగా అతికించినా, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో రాయకపోతే లెక్చరరు గారు వెనక్కి ఇచ్చేస్తారు. ఎండిన గడ్డిపరకకు ఉన్న ఆ మర్యాద మనిషి చేతిపనికి ఉండవద్దా?

'పాత వస్తువులకు పేర్లు ఎక్కణ్ణుంచి తెస్తాం?' అంటారు. చేసినవారు పోయినా, ఏ ఊరు, ఏ ఇల్లు, ఏ పనికి వాడారు అన్నది అమ్మేవాళ్ళకు తెలిసి ఉండవచ్చు. మా అటక మీది కొయ్య కుంచం ఎవరు చేశారంటే మా నాయనమ్మ ఇప్పటికీ వడ్రంగి పేరు చెబుతుంది. అడగాలి, అంతే.

అమెరికాలో స్థిరపడ్డ మన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. అక్కడి వేలాల్లో, పాతవస్తువుల సంతల్లో బొంతో జాడీయో కొనే సరదా మీకుంటే, డబ్బు లెక్కపెట్టే ముందు ఒక కాగితం తీయండి. చేసిందెవరని అడగండి. చెప్పింది రాసి వస్తువుతోనే ఉంచండి. మంచి ధర ఇవ్వండి. సెలవులకు మన ఊళ్ళు వచ్చినప్పుడు కూడా ఆ కాగితం మరచిపోకండి.