సీసా సరే, వేరు ఏదీ?

పోయిన రంజాన్‌లో మా దవాఖానాకు ఒక పెద్దాయన వచ్చారు. మూత్రంలో మంట. "హకీం సాబ్, ఇఫ్తార్‌కు రోజూ రెండు గ్లాసుల నన్నారి తాగుతున్నా, తగ్గడం లేదు" అన్నారు. సీసా తెప్పించి చూశాను. పంచదార, రంగు, ఎసెన్స్ అని రాసి ఉంది. వేరు మాటే లేదు. పైగా ఆయనకు షుగర్ జబ్బు! మందనుకుని చక్కెర పాకం తాగారు. ముందు రక్తం, మూత్రం పరీక్షలకు పంపాను.

పాఠకులారా, నన్నారి అంటే రంగునీళ్లు కాదు, వేరు. తెలుగులో సుగంధిపాల, కన్నడంలో సొగదె బేరు, ఉర్దూలో అనంతమూల్. మా యూనానీలో ఉష్బా హిందీ అని కూడా అంటాం. రక్తశుద్ధికి, చర్మం దురదలకు, మూత్రం సాఫీగా రావడానికి వాడతాం. 1864 నాటి బ్రిటిష్ ఫార్మకోపియాలో కూడా దీనికి చోటు దొరికింది.

ఇది సన్నని తీగ. కంచెల మీద, తుప్పల్లో, నల్లమల, శేషాచలం వంటి కొండ వాలుల్లో పెరుగుతుంది. ఆకులు జంటలుగా ఉంటాయి, చాలా ఆకులకు నడుమ తెల్లచార కనిపిస్తుంది. తుంచితే పాలు కారతాయి. సువాసనంతా వేరు పైబెరడులోనే. లోపలి పుల్లలో పస లేదు. కొనేటప్పుడు గోటితో గీకి వాసన చూడండి.

ఇంకొక మాట. నన్నారి పేరుతో మారేడు కొమ్ములు కూడా అమ్ముతారు. వాసన దాదాపు ఒకటే, కానీ అవి లావుగా, కండగా ఉంటాయి. కర్ణాటకలో మాగళి బేరు, తమిళనాడులో మాగాళి కిళంగు అని ఊరగాయ పెట్టేది వీటినే. ఊరగాయకు భేషైనవే, కానీ మొక్క వేరు. ఒకదాని పేరుతో మరొకటి అమ్మడం నాకు నచ్చదు. మొదలంటా తవ్వేయడంతో అవి కూడా అరుదైపోతున్నాయి.

షర్బత్ ఇంట్లోనే చేసుకోండి. 100 గ్రాముల వేళ్లు మట్టి పోయేలా కడిగి, దంచి, లోపలి పుల్ల తీసేయండి. లీటరు మరిగిన నీళ్లు పోసి మూత పెట్టి రాత్రంతా ఉంచండి. వేళ్లను గంటలకొద్దీ ఉడికిస్తే సువాసన ఆవిరైపోతుంది. పొద్దున వడగట్టి, కిలో పంచదార కలిపి, సన్నసెగ మీద జిగురు తగిలేదాకా కాచి దించండి. గ్లాసులో రెండు చెంచాలు వేసి, చల్లటి నీళ్లు, నిమ్మరసం, నానిన సబ్జా గింజలు కలపండి. షుగర్ ఉన్నవారు పాకం జోలికి పోవద్దు. పంచదార వేయని నీళ్లే తాగండి, అది కూడా మీ వైద్యుణ్ణి అడిగి. గర్భిణులు సైతం అడగకుండా వాడవద్దు.

పెరడు ఉంటే వానకాలంలో ఒక వేరుముక్క నాటండి. వేరు ఊరడానికి రెండు మూడేళ్లు పడుతుంది. తవ్వేటప్పుడు ఒక పక్క వేళ్లే తీసి, మొదలు వదిలేయండి. మళ్లీ చిగురిస్తుంది.

ఈసారి అంగడికి వెళ్తే సీసా అడగకండి. వేరు చూపించమనండి.