పనికో చోటు

రాయదుర్గంలో ఒక ఇంటి వసారాలో ఐదుగురు ఆడవాళ్ళు జీన్స్ ప్యాంట్లకు గుండీలు కుడుతున్నారు. ఒక పక్క పొయ్యి, ఇంకో పక్క ఉయ్యాల. ఇంటామే ఆ పని తెచ్చి అందరికీ పంచుతుంది, లెక్క రాస్తుంది, డబ్బులిస్తుంది. "అయితే వ్యాపారం చేస్తున్నావు" అన్నాను. నవ్వేసింది. "యాపారం యాడిదక్కా! ఇంట్లో ఊరికే ఉండలేక చేసేది."

ఆ మాట నన్ను వదల్లేదు. అంగడి ఉంటే వ్యాపారం, ఆఫీసు ఉంటే ఉద్యోగం. ఇంట్లో చేస్తే పని కాదు! ధర్మవరంలో మగ్గం ఇంట్లోనే ఉంటుంది. కండెలు చుట్టే ఆడవాళ్ళను ఎంతమంది నేత కార్మికులంటున్నారు? (మా పత్రిక కూడా చాలాకాలం ఒకరింటి వరండాలోంచే వచ్చింది. అందరికీ టీ పెట్టే పని ఆ ఇంటామె మీదే పడేది.)

2025 ఫిబ్రవరి 11న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మహిళలకు ఇంటి నుంచి పని, ఇంటికి దగ్గర్లో ఉమ్మడి ఆఫీసులు కల్పిస్తామన్నారు. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది మనల్ని మళ్ళీ పొయ్యి దగ్గరే కూర్చోబెట్టవచ్చు. రెండోదే మనకు కావాలి. అదే ఏడాది ఆగస్టులో మంగళగిరిలో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు విశాఖ, తిరుపతిలతో పాటు అనంతపురంలోనూ శాఖ పెట్టారు. కోస్తాలో విశాఖ లాంటి నగరాల చిన్న వ్యాపారులకు ఈ పద్ధతి తెలిసిందే. కుర్చీకింతని నెల అద్దె. కరెంటు, ఇంటర్నెట్, సమావేశాల గది అందరికీ కలిపి. వాన తక్కువగా పడే మన సీమలో, వేరుశనగ పోయిన ఏడు చాలా ఇళ్ళను నడిపేది ఆడవాళ్ళ సంపాదనే. ఆ సౌకర్యం వాళ్ళకూ రావాలి.

అయితే ఆ భవనంలో ఆడవాళ్ళ భద్రత ఎవరి బాధ్యత? లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. తక్కువుంటే జిల్లా స్థానిక కమిటీయే దిక్కు. యాభై మంది ఉంటే పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టాలని 2017 సవరణ చెప్పింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే సంఖ్య. ఇప్పుడు లెక్క వేయండి. ఒకే కప్పు కింద ఇరవై వ్యాపారాలు, ఒక్కోదాంట్లో నలుగురు. మొత్తం ఎనభై మంది. కమిటీ పెట్టాల్సిన యజమాని ఒక్కరూ ఉండరు, ఉయ్యాల కట్టాల్సిన వారూ ఉండరు!

అందుకే భవనం మొత్తాన్ని ఒకే పనిచోటుగా లెక్కించాలని, కమిటీ, పిల్లల గది, ఆడవాళ్ళకు వేరే మరుగుదొడ్డి లేకుండా ప్రభుత్వ రాయితీ ఇవ్వకూడదని కలెక్టర్లకు ఇప్పుడే అర్జీలు పెడదాం. వేధింపుల ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో స్థానిక కమిటీకి పంపే నోడల్ అధికారి ప్రతి మండలంలోనూ ఉండాలని 2013 చట్టంలోనే ఉంది. మీ మండలంలో ఆ అధికారి ఎవరో ఎప్పుడైనా అడిగారా? అడిగి, వచ్చిన జవాబు మాకు రాయండి.

రాయదుర్గంలో ఆమెకు ఈ ఉమ్మడి ఆఫీసుల సంగతి చెప్పాను. గుండీ కుడుతూనే వింది. తలెత్తి రెండే అడిగింది.

"బాడిగెంతక్కా? బిడ్డను తెచ్చుకోనిస్తారా?"